జపాను ఆటలో ఖాళీగా ఉన్న ఏడో పీట

ఆ రోజుల్లో మా కొండల్లో వార్తలన్నీ వారానికోసారి సంతతో పాటే వచ్చేవి, ఉప్పు వచ్చినట్టు, ఎండు చేప వచ్చినట్టు. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిపోయిందో శుక్రవారం అరకు సంతలో తెలిసేది. మళ్ళీ శుక్రవారం దాకా దాన్నే నమిలేవాళ్ళం. అలాంటి చోటికి నేను డిగ్రీ పాసై వచ్చి పడ్డాను. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. మా ఊళ్ళో డిగ్రీ పాసైన మొట్టమొదటి మనిషిని నేనే. (రెండోవాడు తయారవడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ నన్ను భరించినందుకు ఊరందరికీ ఈ సందర్భంగా క్షమాపణలు.) కడుపునిండా వార్తలు ఉండేవి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే అరిగేవి కావు. కాఫీ తోటలో కలుపు తీసేవాళ్ళ వెనకాల తిరుగుతూ చెప్పేవాణ్ణి, జీపు టాపు మీద కూర్చుని చెప్పేవాణ్ణి, మనుషులు దొరక్కపోతే మేకలకి చెప్పేవాణ్ణి. పోనీ అవేమన్నా పనికొచ్చే వార్తలా అంటే కాదు. జపాను వాళ్ళ మాటలో నాలుగు అంకెకీ చావుకీ ఒకటే శబ్దమనీ, అందుకని వాళ్ళు నాలుగంటే జడుసుకుంటారనీ చెప్పేవాణ్ణి. మూడూ తొమ్మిదీ పక్కపక్కన రాస్తే వాళ్ళ నోట్లో అది అచ్చం థాంక్యూ అన్నట్టు పలుకుతుందనీ, వాళ్ళ రాతలో చెట్టు బొమ్మ ఒకటి వేస్తే చెట్టు, రెండు వేస్తే తోపు, మూడు వేస్తే అడవి అనీ చెప్పేవాణ్ణి. మా నాన్న ఓసారి చుట్ట ఆరిపోయేదాకా మొత్తం విని, "అయితే మన దున్నకి గిట్టలు వాసినాయి, దానికేటైనా సెప్పినారేటి ఆ జపానోలు?" అని అడిగాడు.

ఈ జపాను పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలంటే ముందు నా పేరు సంగతి చెప్పాలి. మా దగ్గర పిల్లలకి పేరు పెట్టడానికి పుస్తకాలు తిరగెయ్యరు. ఏ వారం పుడితే ఆ వారమే పేరు. సోమవారం పుడితే సోంబ్ర, మంగళవారం మంగ్ల, బుధవారం బుద్ర, శుక్రవారం సుక్ర, శనివారం సొన్ను, ఆదివారం ఐత. నేను గురువారం పుట్టాను కాబట్టి గురుబారు. మంత్రసాని బొడ్డు కోస్తుండగానే మా అవ్వ (నాన్నకి తల్లి) ఆ పేరు పెట్టేసింది, పని అయిపోయింది. ఊళ్ళో ఇద్దరు గురుబార్లుంటే ఒకడు పెద్దోడు, ఒకడు చిన్నోడు. కొండ మీద ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా విశాఖపట్నం హాస్టల్లో మొదలైంది. నేను ట్రంకు పెట్టె మోసుకుని దిగింది ఒక శుక్రవారం. పేరు చెప్పగానే నా గదిలో కుర్రాడు మంచం మీంచి లేవకుండానే, "గురువారం గాడివి శుక్రవారం వచ్చావేంట్రా? నిన్న రావాలి కదా!" అన్నాడు. ఆ ఒక్క జోకు మూడేళ్ళు నడిచింది. గురువారం వస్తే "ఇవాళ నీ డ్యూటీరా, బేగి లే" అనేవాళ్ళు. ఆదివారం వస్తే "నీకింకా నాలుగు రోజులు సెలవు" అనేవాళ్ళు. నవ్వేవాణ్ణి. నవ్వి, దుప్పటి కప్పుకుని కొత్త పేర్లు ఆలోచించేవాణ్ణి. చివరికి ఒకటి తేల్చాను: విక్రమాదిత్య వర్ధన్. (అప్పుడు నా బరువు నలభై రెండు కేజీలు. ఆ పేరు నాకంటే బరువు.)

పరీక్షలు పాసయ్యాక పేరు మార్పు కాగితాలు రాయించాను. స్టాంపు పేపరు మీద అంతా టైపు కొట్టించి, కింద ఒక ఖాళీ వదిలారు. నాకు పుట్టిన కాగితం లేదు కాబట్టి, పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో వాళ్ళు అభ్యంతరం లేదని వేలిముద్ర వెయ్యాలని ప్లీడరు గుమాస్తా చెప్పాడు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం మధ్యాహ్నం లోపల యూనివర్సిటీ కిటికీలో ఇవ్వాలి. ఆ తర్వాత డిగ్రీ పట్టా అచ్చయిపోతుంది, దాని మీద ఏ పేరు పడితే చచ్చేదాకా అదే పేరు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని కొండెక్కాను. పది రోజులైనా అవ్వకి చెప్పలేకపోయాను. నాలుగుకీ చావుకీ ఒకటే శబ్దమని ఊరందరికీ చెప్పగలిగాను గానీ, "అవ్వా, నువ్వు పెట్టిన పేరు నాకొద్దు" అన్న ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

ఇక ఆట. సంతల్లో మిఠాయిలమ్మేవాళ్ళూ గాజులమ్మేవాళ్ళూ రోజుకో సంత తిరిగినట్టే, పార్వతీపురం వైపు నుంచి ఒకాయన జీపులో టీవీ, వీడియో గేము పెట్టె, చిన్న జనరేటరు వేసుకుని సంత సంతకీ తిరిగేవాడు. మా వాళ్ళకి కింద నుంచి వచ్చిన వర్తకులంతా సావుకార్లే కాబట్టి ఈయన గేము సావుకారి అయ్యాడు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు సంతలు. ఆదివారం మాత్రం దేవుడు దిగొచ్చినా కొండ మీద ఉండేవాడు కాదు. ఇంటికి పోయి, కోడి కూర తిని, పడుకోవాలి. ఆయన దగ్గర ఉన్న ఆటల్లో ఒకటి పూర్తిగా జపాను భాషలో ఉండేది. ఏ పాత సామాన్ల కొట్లో దొరికిందో, డబ్బా మీద పేరేమిటో ఎవరికీ తెలీదు. ఆటలో ఆరుగురు ఉంటారు. ఒక్కొక్కడి ఛాతీ మీద ఒక్కో బొమ్మ అక్షరం. లోకంలో వెలుతురు పోతే, వాళ్ళు కష్టాలు పడి ఒక కొండ తలుపు దగ్గరికి వెళతారు. తలుపు ముందు వరసగా ఏడు పీటలు. ఆరు పీటల మీద ఆరుగురూ కూర్చుంటారు. ఏడోది ఖాళీ. తలుపు తెరుచుకోదు. పాట మాత్రం తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. "అయిపోనాది, దిగండి దిగండి" అని సావుకారి స్విచ్చు కట్టేసేవాడు. ఆరు సంతల్లో ఏ మొనగాడూ ఆ తలుపు దాటలేదు.

హాస్టల్లో ఉండగా నెట్ సెంటర్లో ఈ ఆట గురించి వెతికితే, దాని మీద ప్రపంచం నలుమూలల నుంచీ వాదించుకునే ఫోరం ఒకటి దొరికింది. ఇంగ్లీషు డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని చదివేవాణ్ణి. వాళ్ళంతా ఆడేది కంప్యూటర్లోకి ఎక్కించుకున్న, గడియారం లేని దొంగ కాపీ, ఆ తలుపు వాళ్ళకీ తెరుచుకోలేదు. అబ్బబ్బ, ఏం బుర్రలండీ అవి! ఆ ఆరు అక్షరాలూ వరసగా చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, బంగారం, మట్టి అని ఎవడో డిక్షనరీలో చూసి పెట్టాడు. ఇక అక్కణ్ణుంచి యుద్ధం. నీరు నిప్పుని చంపుతుంది కాబట్టి నీరే ద్రోహి అని ఒకడు. బంగారం మట్టిలోంచి వస్తుంది కాబట్టి వాళ్ళిద్దరూ తండ్రీకొడుకులని ఇంకొకడు. డ్రాగన్ పేరు పెట్టుకున్న ఒకడు మాత్రం అందర్నీ మించాడు. జపాను భాషలో చెట్టుని 'కి' అంటారు, ప్రాణశక్తినీ 'కి' అనే అంటారు, కాబట్టి ఆ చెట్టు మనిషి మనిషే కాదు, దెయ్యం అన్నాడు. పైగా వరసలో వాడిది నాలుగో పీట. నాలుగంటే చావు. ఇంకేం కావాలి? వాడు మొదటి సీన్లోనే చచ్చాడని తేలిపోయింది. (ఇంటర్నెట్లో సగం సిద్ధాంతాలకి ఇదే ముగింపు. ఎవరో ఒకరు మొదటి సీన్లోనే చచ్చి ఉంటారు, చచ్చిన సంగతి ఆట తయారుచేసినవాడికి కూడా తెలిసి ఉండదు.) ఆ చెట్టు మనిషి లావుగా, నెమ్మదిగా, భుజమ్మీద దుంగ మోసుకుంటూ అందరికంటే వెనక నడుస్తాడు. ప్రతి గోతిలోనూ ముందు వాడే పడతాడు. వాడు దెయ్యమని తెలిశాక నాకు వాడంటే విపరీతమైన గౌరవం పుట్టింది.

ఆ శుక్రవారం అరకు సంతలో నేను ఇదే పురాణం చెబుతున్నాను, సావుకారి ఆట ఆడుతున్నాడు. చుట్టూ ఓ ముప్పై మంది. మా అవ్వ పిప్పళ్ళు అమ్మేసి, ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని టీవీ చూస్తోంది. తెర మీద ఆరుగురూ పీటల మీద కూర్చున్నారు. అవ్వ వేలు చూపిస్తూ ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది: "సోంబ్ర, మంగ్ల, బుద్ర, గురుబారు, సుక్ర, సొన్ను. మరి ఐతడేడిరా?" మా వాళ్ళకిది మామూలే. పేరు తెలియని మనుషులు కొందరు వరసగా కనిపిస్తే, పిలుచుకోడానికి సోమవారం నుంచి పేర్లు పంచేస్తాం. సర్వే వాళ్ళొచ్చినా అంతే, ఓట్ల పెట్టె తెచ్చిన ఆఫీసర్లయినా అంతే. (ఒకసారి ఒక పెద్దాఫీసరు మా ఊళ్ళో మూడు రోజులు బుద్రగా బతికి వెళ్ళాడు, ఆయనకి తెలీదు.) నాకు మాత్రం ఒళ్ళు మండింది. నాలుగో పీట మీది దెయ్యానికి నా పేరు పెట్టింది!

"అవ్వా, ఆళ్ళు జపానోళ్ళే. ఆళ్ళ పేర్లలో శానా లోతు ఉంటాది. మనలాగ వారాల పేర్లు కావు."

"ఏటి, జపాన్లో వారాలు నేవా?"

"ఉంటాయి. కానీ..."

"ఉంటే మరేటి? ఏడు పీటలేసినారు, ఆరుగురొచ్చినారు. ఒకడు రానేదు. ఆడు రాకండా తలుపెవుడు తీత్తాడు?"

"అయితే ఆ ఐతడెప్పుడొస్తాడో నువ్వే సెప్పు."

అవ్వ నన్ను చూసి జాలిపడింది. డిగ్రీ పాసైనవాణ్ణి చూసి చదువు రాని మనిషి పడే జాలి ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలీదు. "ఆదోరపోడు ఆదోరమే వత్తాడు. సుక్రోరం సంతకి ఎందుకొత్తాడ్రా?" అంది.

ముప్పై మందీ నవ్వారు. నాకు మాత్రం హాస్టల్ గది గుర్తొచ్చింది. అక్కడ నన్ను మూడేళ్ళు ఏడిపించిన మాటే ఇది. ఆ ఉక్రోషంలో, పది రోజులుగా జేబులో మగ్గుతున్న కాగితం తీసి అందరి ముందూ సంగతంతా కక్కేశాను. పేరు మార్చుకుంటున్నాననీ, సోమవారం ఆఖరనీ, వేలిముద్ర కావాలనీ. సావుకారి పాట కట్టేశాడు. అవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త పేరేటి?" అంది. చెప్పాను. పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి, "ఇక్రమా... నోరు తిరగట్నేదు గానీ, ఒక పని సేద్దాం" అంది. "ఆదోరం నాడు ఆ ఐతడొచ్చి పీట మీద కూకున్నాడనుకో, నీ పేరు నీకే ఉంటాది. రానేదనుకో, నాను వేలేసేత్తాను. సరేనా?" సరే అన్నాను. సరే అనక? నా వైపు డ్రాగన్ ఉన్నాడు, ఫోరం ఉంది, డిక్షనరీ ఉంది. అవ్వ వైపు బోర్లించిన బుట్ట తప్ప ఏమీ లేదు.

మర్నాడు శనివారం పొద్దున్నే రైల్వే స్టేషను దారిలో ఉన్న నెట్ సెంటరుకి పరిగెత్తాను. ఫోను లైను కీచుకీచుమని అరిచి అరిచి కలిసింది. ఫోరంలో ఇలా రాశాను: "మా అవ్వ చదువుకోలేదు. ఆవిడ ఈ ఆరుగురినీ సోమవారం నుంచి శనివారం దాకా వారాల పేర్లతో పిలుస్తోంది, ఆదివారం ఏదని అడుగుతోంది. హ హ హ." ఆ మూడు హ హ హ లూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయేమో, తలుచుకుంటే సిగ్గేస్తుంది. డ్రాగన్ వెంటనే "మీ అవ్వ చాలా ముద్దొస్తోంది" అని రాశాడు. ఇంకొకడు పల్లెటూళ్ళ అమాయకత్వం మీద పేరా రాశాడు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, టీ తాగొచ్చి చూసేసరికి, ఎప్పుడూ నోరెత్తని ఒక మనిషి జవాబు పెట్టాడు. ఆయన నిజంగానే జపాన్లో ఉంటాడట. (ఇకపైన ఈయన్ని జపాను బావ అందాం, ఆ తర్వాత మా ఊరంతా అలాగే అంది.) ఆయన రాసింది ఇంతే: "మా భాషలో చంద్రుడి అక్షరంతోనే సోమవారం రాస్తాం. నిప్పు మంగళవారం. నీరు బుధవారం. చెట్టు గురువారం. బంగారం శుక్రవారం. మట్టి శనివారం. ఇది ఇక్కడ చిన్న పిల్లలకి కూడా తెలుసు. మీరు సంవత్సరంగా ఏం మాట్లాడుకుంటున్నారో నాకు అర్థం కాలేదు, మర్యాద కాదని అడగలేదు. మీ అవ్వగారికి నా నమస్కారం."

ఫోరం మొత్తం ఒకేసారి డిక్షనరీలు తిరగేసి ఉంటుంది. ఆ భాష నేర్చుకునేవాడు మొదటి నెల్లోనే నేర్చుకునే ముక్క అది. కానీ మాలో మొదటి నెల దాటినవాడెవడు? దాటినా అంత సులువైన జవాబు ఎవడికి కావాలి? మాకు ద్రోహులు కావాలి, దెయ్యాలు కావాలి, మొదటి సీన్లోనే చచ్చినవాళ్ళు కావాలి. కాసేపటికి డ్రాగన్ తేరుకుని, "అయితే ఇది గురువారం చచ్చినవాడి కథ" అని మళ్ళీ మొదలుపెట్టాడు. వాడి పట్టుదలకి దణ్ణం పెట్టాలి.

నేను మాత్రం కుర్చీలోంచి లేచి పరుగు. ఆ పరుగులో నాకు తట్టనే లేదు, నేను మోసుకెళుతున్నది నా ఓటమి వార్త అని. కడుపులో వార్త ఉంటే అది ఎవరిదైనా సరే, చెప్పాలంతే. మా ఊరి దారి మొదట్లో సావుకారి జీపు ఎదురైంది, శనివారం సంత ముగించుకుని దిగిపోతున్నాడు. అడ్డంగా నిలబడి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి, వెంటనే ఆరిపోయాయి. "రేపు ఆదోరం గురుడా. నాను ఇంటికెల్లాల. మా ఆవిడ కోడి కోత్తాది." పెట్టెలో గడియారం ఉంది కదా, ఆట అది చూసే వారం తెలుసుకుంటుంది, దాన్ని ఇప్పుడే ఆదివారానికి తిప్పేద్దామన్నాను. "పెట్టెని గిల్లితే ఊరుకోను. అందులో అంతా ఆళ్ళ బాస. ఒకసారి గిల్లితే రెండు నెలలు తెర నీలంగా ఉండిపోనాది" అన్నాడు. ఈలోగా అవ్వ కట్టెల మోపుతో అటే వచ్చింది. జపాను బావ నమస్కారం చెప్పాను. "మనోడే" అంది తేలిగ్గా, మేనల్లుడి కబురు విన్నట్టు. గడియారం తిప్పడం మాత్రం ఒప్పుకోలేదు. "దొంగ ఆదోరం పెడితే దొంగ ఐతడొత్తాడు." ఆ తర్వాత సావుకారి వైపు తిరిగి, "ఉండిపో బాబూ. కోడి నాను కోత్తాను. నా ఎర్ర పుంజు" అంది. ఆ పుంజుని ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. మూడు కేజీలు తూగుతుంది. సావుకారి జీపు ఇంజను కట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి పంచలో టీవీ, వాకిట్లో జనరేటరు, చుట్టూ ఊరు. చర్చికి వెళ్ళినవాళ్ళు ప్రార్థన అవగానే అలాగే బైబిళ్ళు పట్టుకుని వచ్చేశారు. ఎర్ర పుంజుని కాలికి తాడేసి గుంజకి కట్టారు, అది సావుకారిని కోపంగా చూస్తోంది. సావుకారి దాన్ని ప్రేమగా చూస్తున్నాడు. ఆట మొదలైంది. చెట్టు మనిషి యథాప్రకారం ప్రతి గోతిలోనూ పడ్డాడు, పడ్డప్పుడల్లా ఊరంతా "అయ్యో గురుబారూ" అని నా వైపు చూసింది. గంటన్నర తర్వాత కొండ తలుపు వచ్చింది. ఆరుగురూ పీటల మీద కూర్చున్నారు. పాట మొదలైంది. ఒకసారి అయింది. రెండోసారి అయింది. నా చెయ్యి జేబులో కాగితం మీద ఉంది. గెలుస్తున్నానని సంతోషించాలి కదా? నా చూపు మాత్రం ఏడో పీటని వదల్లేదు. మూడోసారి పాట సగంలో ఆగిపోయింది. చీకటి తెర మీద ఎడమ పక్క నుంచి ఏదో టక టక నడుచుకుంటూ వచ్చింది. వచ్చి ఏడో పీట ఎక్కింది. ఛాతీ మీద కొత్త అక్షరం. రెక్కలు టపటపలాడించింది.

కోడిపుంజు.

అది మెడ సాచి కూసింది. కొండ తలుపు తెరుచుకుంది, తెరంతా వెలుతురు. అప్పుడు గుంజకి కట్టిన మా ఎర్ర పుంజు, టీవీలో పుంజుకి జవాబుగా, ఊరు అదిరేలా కూసింది. అంతే, ఇక పంచలో గోల గోల. సావుకారి ఒక్కడే నిదానంగా, "ఆదోరం అంటే కోడేనని నాను ముందునుంచీ సెప్తన్నాను కదేటి?" అన్నాడు.

నేను చివరి ప్రయత్నం చేశాను. "అవ్వా, అది మనిషి కాదు. కోడి. లెక్కలోకి రాదు."

"కోడి కుయ్యకండా తెల్లారతాదేట్రా?" అంది అవ్వ. ఆ తర్వాత కత్తిపీట తీసుకుని లేచిన మా అమ్మని ఆపింది. "దాన్నొగ్గెయ్. ఈ ఐతణ్ణి ఎలాగ కోత్తామే? ఇప్పుడే కదా ఎలుతురు తెచ్చినాడు." సావుకారి ముఖం ఆ క్షణంలో చూడాల్సింది. ప్రపంచంలో ఆ తలుపు దాటిన మొట్టమొదటి మనుషుల్లో ఒకడైన ఆ మహానుభావుడు, ఆ పూట మా ఇంట్లో రాగి అంబలీ చింతపండు పచ్చడీ తిన్నాడు. గుంజ దగ్గర పుంజు తింటున్న గింజల వైపు చూస్తూ తిన్నాడు.

పందెం ఓడిపోయాను కాబట్టి కాగితం మడిచి పెట్టేయబోయాను. అవ్వ చెయ్యి చాపింది. "ఇలాగియ్యి." సిరా డబ్బాలో బొటనవేలు ముంచి, కాగితం మీద ఎక్కడ దొరికితే అక్కడ గట్టిగా ఒత్తేసింది. "నువ్వు గెలిచావు కదవ్వా" అన్నాను. "గెలిసినోళ్ళం మాకు ఎలుతురొచ్చినాది. ఓడిపోయినోడికి ఏదోటి ఇయ్యాల కదా. తీస్కో, నీ పేరు నీ ఇష్టం" అని వేలు చీరకి తుడుచుకుని పుంజుకి గింజలు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

సోమవారం తెల్లారి బండికి విశాఖపట్నం. యూనివర్సిటీ కిటికీ దగ్గర కళ్ళజోడు ముక్కు చివరికి జారిన ఒక పెద్దాయన. కాగితం తీసుకుని దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు. "బాబూ, కొత్త పేరు ఏంటిది? సరిగ్గా దాని మీద వేలిముద్ర వేశారు, ఒక్కక్షరం కనబడటం లేదు." విక్రమాదిత్య వర్ధన్ అన్నాను. "పాత పేరు?" గురుబారు అన్నాను. "అంటే?" అన్నాడు. అనకూడని మాట. అప్పటికి రెండు రోజులుగా కొత్త మనిషెవరూ దొరకలేదు నాకు. మొదలుపెట్టాను. గురుబారంటే గురువారం, జపాన్లో గురువారమంటే చెట్టు, చెట్టు పక్కన ఇంకో చెట్టు వేస్తే తోపు, మూడు వేస్తే అడవి, నాలుగో పీట, జపాను బావ, ఏడో పీట, కోడి. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మొత్తం విన్నాడు. నా వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా ముందుకొచ్చి విన్నారు.

"అంతా బావుంది గానీ," అన్నాడాయన చివరికి, "ఆదిత్యుడంటే ఎవరయ్యా?"

"సూర్యుడండీ."

"సూర్యుడిది ఏ వారం?"

సోమవారం నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఏడో వేలి దగ్గర ఆగాను.

"గురువారం నుంచి ఆదివారానికి మారతానంటావు. మీ ఆట ప్రకారం చెట్టు నుంచి కోడికి. దీనికి స్టాంపు పేపరు కూడానా?" వెనక లైనంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. గోడ గడియారం చూసి, "భోజనాల టైమైంది. మధ్యాహ్నం దాటితే తీసుకోను. ఇప్పుడే చెప్పు, ఇస్తావా?" అన్నాడు. నేను కాగితం వెనక్కి లాక్కున్నాను. ఆయన కిటికీ తలుపు వేస్తూ, "నా పేరులో మంగళవారం ఉంది, నేను నిప్పునన్నమాట" అని మురిసిపోతూ క్యారియరు విప్పాడు. ఆ మూడేళ్ళలో నా పేరు విని ఆ ఊళ్ళో ఒకరు మురిసిపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నేను కొండ మీదే ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నా పట్టా మీద గురుబారు అనే ఉంది. పిల్లలు నన్ను గురువారం సారు అంటారు, నేను శుక్రవారం బడికి వెళితే "నిన్న రావాలి కదా సార్" అంటారు, అప్పుడు నేను బోర్డు మీద మూడు చెట్ల బొమ్మ వేసి పాఠం మరిచిపోయి ఆ పీరియడ్ అంతా ఇదే చెబుతాను. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఎర్ర పుంజు ఆవిడ కంటే ముందే, ముసలితనంతో, ఎవరి కూరలోనూ పడకుండా పోయింది. ఆ స్టాంపు పేపరు మాత్రం నా ట్రంకు పెట్టెలో ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. అంత పెద్ద కాగితం మీద అంత ఖాళీ ఉండగా, ఆ బొటనవేలు కొత్త పేరు మీదే, అదీ ఒక్కక్షరం కూడా బయటకి కనపడకుండా ఎలా పడింది? ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఏది ఏ పేరో తెలిసే దారి లేదు. అనుకోకుండానే పడి ఉంటుంది. కానీ సంతలో ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసిందే, అప్పుడు "కొత్త పేరేటి" అని అడిగిందే, అడిగినప్పుడు నేను వేలు పెట్టి చూపించానా? చూపించానేమో. ఇరవై ఏళ్ళుగా దీని మీద నా దగ్గర నాలుగు సిద్ధాంతాలున్నాయి. (నాలుగు అంకె మంచిది కాదని తెలుసు, ఐదోది ఆలోచిస్తున్నాను.) పైన ఎక్కడో బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఆవిడ నన్ను చూసి మళ్ళీ అదే జాలి పడుతూ ఉంటుంది. పడనీండి. డిగ్రీ పాసైనవాణ్ణి కదా, సులువైన జవాబు నాకు ఎప్పుడూ ఆఖరునే తడుతుంది.